ఫోర్ట్ బేయర్డ్: సిపాయిల క్యాంపు దవాఖాన ఎట్లయింది

మిలిటరీ వాళ్లు క్యాంపు పెట్టనీకి చూసే జాగ, పాతకాలంల టీబీ డాక్టర్లు దవాఖాన కట్టనీకి చూసే జాగ దాదాపు ఒక్కతీరుగనే ఉంటయి. ఎత్తు మీద ఉండాలె, నీళ్లు మంచియి దొరకాలె, ఊరికి జర దూరం ఉండాలె, చుట్టూ బయలు ఉండాలె. అమెరికాల ఫోర్ట్ బేయర్డ్ అనే జాగ గురించి చదువుకుంట పోతుంటె నాకు ఈ ముచ్చట సమజైంది. కొంచెం పెద్దగనే రాస్తున్న, ఓపిక ఉన్నోళ్లు చదవుండ్రి.

ముందుగాల ఇది నాకెందుకు పట్టిందో చెప్త. మా తమ్ముడు న్యూ మెక్సికో రాష్ట్రం లాస్ క్రూసెస్‌ల ఉంటడు, సెలవొస్తె కార్ తీస్కొని ఏదో ఒక దిక్కు పోతనే ఉంటడు, గట్ల సిల్వర్ సిటీ దిక్కు పోయి దాని పక్కనే ఉన్న ఈ పాత మిలిటరీ జాగ చూసి వాట్సాప్‌ల వీడియో కాల్ చేసిండు. మా నాయిన ఆర్మీల హవల్దార్ చేసి రిటైరైనోడు, కోస్గిల మా ఇంటి అరుగు మీద కూసొని ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకొని చూస్తుండు. ఆయన ఆ పేరు జిందగీల వినలే, కానీ రెండు నిమిషాలు కాకముందే "అది పరేడ్ గ్రౌండ్‌రా, జెండా గద్దె నడిమిట్ల ఉంటది చూడు, గా లైను ఇండ్లు ఆఫీసర్లయి, వరండాలు చూస్తె తెలుస్తలేదా, సిపాయిల బ్యారకులు దీనికి ఎదురుంగ ఉండాలె, కెమెరా అటు తిప్పు" అని వానికే డైరెక్షన్ ఇచ్చుడు షురూ చేసిండు. వాడు "నాయినా ఇది దవాఖాననే, వందేళ్ల సంది దవాఖాననే" అంటె నాయిన ఒప్పుకోలే. ఇద్దరి మాటా కరెక్టే. ఆ పంచాయితీ తెంపనీకనే నేను చదువుడు మొదలువెట్టిన.

కోట అనంగనే మన కోయిల్‌కొండ లెక్క, దేవరకొండ లెక్క రాతి గోడలు బురుజులు అనుకోకుండ్రి. అమెరికా పడమటి దిక్కు ఫోర్ట్ అంటే చానామట్టుకు గోడ కూడ ఉండది, నడుమ ఒక బయలు, దాని చుట్టూ ఇండ్లు, గంతే. ఫోర్ట్ బేయర్డ్ 1866 ఆగస్టుల పెట్టిండ్రు. మొదట్ల అయితే మట్టి గోడలు, మొద్దులతోని ఏసిన గుడిసెలు. అంతకు ముందు ఏడాదే వాళ్ల అంతర్యుద్ధం అయిపోయింది, ఆ యుద్ధంల 1862 డిసెంబర్ల ఫ్రెడరిక్స్‌బర్గ్ కాడ దెబ్బ తాకి చచ్చిపోయిన జార్జ్ బేయర్డ్ అనే జనరల్ పేరు దీనికి పెట్టిండ్రు.

అక్కడనే ఎందుకంటే గనులు. పక్కనే పినోస్ ఆల్టోస్‌ల 1860ల బంగారం పడ్డది, శాంటా రీటాల రాగి అంతకంటె ముందు సందే తవ్వుతుండ్రు. బంగారం అనంగనే జనం మిడతల దండు లెక్క దిగిండ్రు. ఆ నేలంత అపాచీలది, అంటే అక్కడి ఆదివాసులది. వాళ్ల పెద్దమనిషి మంగాస్ కొలరాడాస్‌ను 1863 జనవరిల మాట్లాడుకుందాం రా అని పిలిచి, పట్టుకొని, ఫోర్ట్ మెక్‌లేన్ అనే ఇంకో క్యాంపుల పెట్టి అదే రాత్రి కాల్చి చంపిండ్రు. దాని తర్వాత మూడేళ్లకు ఈ ఫోర్ట్ వచ్చింది. ఇప్పుడు దీని గురించి ఎక్కడ చదివినా "వచ్చి స్థిరపడ్డ జనాన్ని కాపాడనీకి పెట్టిన పోస్టు" అని రాసి ఉంటది. సొంత నేల మీద ఉన్నోని నుంచి నిన్నమొన్న వచ్చినోన్ని కాపాడుడు అన్నట్టు. మన దిక్కు ప్రాజెక్టుల కింద ఊర్లు పోయినోళ్లకు ఈ భాష కొత్తగ ఏం అనిపియ్యదు.

ఇంకో విచిత్రం ఏందంటే ఈ ఫోర్ట్ కట్టినోళ్లు నల్లజాతి సిపాయిలు. 125వ కలర్డ్ ఇన్‌ఫాంట్రీ, అంటే నల్లోళ్ల కాలిదళం, అని పేరు. బానిసత్వం రద్దయింది 1865ల, అంటే వీళ్లల్ల చానామంది నిన్నటిదాక ఇంకొకని కింద ఆస్తి లెక్క ఉన్నోళ్లే, ఇయ్యాల యూనిఫాం ఏసుకొని ఇంకొకరి నేల మీద పహరా కాస్తుండ్రు. తర్వాత 9వ కావల్రీ, అంటే గుర్రాల దళం, వచ్చింది, ఈ నల్లజాతి సిపాయిలనే బఫెలో సోల్జర్స్ అంటరు. ఆఫీసర్లు తెల్లోళ్లు, సిపాయిలు నల్లోళ్లు. 1877 జనవరిల క్లింటన్ గ్రీవ్స్ అనే కార్పొరల్, ఇంకో అయిదారుగురు సిపాయిలు, ముగ్గురు నవాహో ఆదివాసి స్కౌట్లు (దారి చూపెటోళ్లు) కలిసి ఫ్లోరిడా గుట్టల్ల అపాచీల మందల ఇరుక్కపోయిండ్రు, ఎదుటోళ్లు నలభై యాభై మంది. మాటలతోని ఒప్పిద్దామని చూసిండ్రు, కాలే. గ్రీవ్స్ తుపాకి గుండ్లు అయిపోయినంక ఆ తుపాకినే కట్టె లెక్క తిప్పి కొట్టుకుంట దారి చేసిండు, అందరు బయటపడ్డరు. ఆయనకు మెడల్ ఆఫ్ ఆనర్, అంటే అమెరికా ఫౌజుల అన్నిటికంటె పెద్ద మెడల్, ఇచ్చిండ్రు, 1992ల ఆ బయట్ల విగ్రహం పెట్టిండ్రు. తమ్ముడు దాన్ని దగ్గరికెళ్లి చూపిచ్చిండు, మనిషి ముందుకు వంగి ఉంటడు, చేతుల తుపాకి. నాయిన "పట్టుకున్న తీరు మంచిగుంది" అన్నడు. విగ్రహం చూసి మనం మొఖం చూస్తం, సిపాయి చేతులు చూస్తడు కావచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధంల అమెరికా ఫౌజుకంత కమాండర్ అయిన పెర్షింగ్ కూడ చదువు అయిపోంగనే 1886ల సెకండ్ లెఫ్టినెంట్‌గ ఇక్కడికే వచ్చిండు. ఆయన వచ్చే టైముకే ఇక్కడ పని అయిపోవస్తుంది, ఎందుకంటే అదే ఏడాది సెప్టెంబర్ల అపాచీల తరఫున కొట్లాడిన జెరోనిమో లొంగిపోయిండు. ఇగ కొట్లాడనీకి ఎవరూ లేరు. అట్లాంటి పోస్టులు అటు దిక్కు చానా ఉండె, ఒక్కొక్కటే తాళం ఏసుకుంట వచ్చిండ్రు, కొన్ని ఇప్పుడు ఉత్త మట్టి దిబ్బలు. దీన్ని గూడ వదిలేసేటోళ్లే.

వదలకపోనీకి కారణం టీబీ.

1898ల అమెరికా స్పెయిన్ తోని కొట్లాడింది, క్యూబా, ఫిలిప్పీన్స్ దాక సిపాయిలు పోయిండ్రు. గుండ్లకంటె రోగాలకే ఎక్కువ మంది పోయిండ్రు. బ్యారకుల సంగతి తెలుసు గదా, పక్క పక్కన మంచాలు, ఒకడు దగ్గితె పది మందికి. టీబీ పురుగును కోచ్ అనే జర్మన్ డాక్టర్ 1882లనే పట్టుకున్నడు కానీ పురుగు తెల్వగానే మందు తెల్వదు, మందు రానీకి ఇంకో అరవై ఏండ్లు పట్టింది. అప్పటిదాక ఉన్న వైద్యం మూడే: గాలి, రెస్టు, తిండి. ఆర్మీల సర్జన్ జనరల్‌గ, అంటే డాక్టర్లందరికి పెద్దగ, అప్పుడు స్టెర్న్‌బర్గ్ అని ఉండె, ఆయన స్వయంగ పురుగుల మీద పరిశోధన చేసినోడు. ఎత్తు మీద ఎండ, పొడి గాలి ఉన్న జాగ కావాలని చూస్తె ఫోర్ట్ బేయర్డ్ దొరికింది, 6,000 అడుగులకు పైనే ఎత్తు, ఏడాదంత ఎండ, ఇండ్లు రెడీగ ఉన్నయి, నీళ్లు ఉన్నయి. 1899ల సిపాయిలకు టీబీ దవాఖాన చేసిండ్రు. అమెరికా ఆర్మీల ఒట్టిగ టీబీ కోసమే పెట్టిన మొదటి దవాఖాన ఇదే.

మిలిటరీ డాక్టర్లు అనంగనే నాకు రోనాల్డ్ రాస్ యాదికొస్తడు. దీనికి సరిగ్గ రెండేండ్ల ముందు, 1897 ఆగస్టు 20 నాడు, మన సికింద్రాబాద్‌ల కూసొని దోమ కడుపుల మలేరియా పురుగును చూసింది ఆయననే, ఆయన గూడ ఫౌజు డాక్టరే. ఆ కాలంల రోగాల మీద పెద్ద పెద్ద పనులు చానామట్టుకు సైన్యం డాక్టర్లే చేసిండ్రు, దయతోని అని కాదు, సిపాయి మంచం పడితె సర్కార్‌కు నష్టం గనుక.

1904 సంది 1917 దాక ఫోర్ట్ బేయర్డ్‌ను నడిపింది బుష్నెల్ అనే డాక్టర్. ఆయనకే టీబీ ఉండె. గందుకే కావచ్చు పేషెంట్ల బాధ ఆయనకు మంచిగ సమజైతుండె. అక్కడ ట్రీట్‌మెంట్ ఎట్లుండెనంటే, మంచాలన్ని వరండాలల్లనే. పగలు, రాత్రి, చలికాలం, అన్ని కాలాలు బయటనే పండాలె, ఆ ఎత్తు మీద చలికాలం మంచు గూడ పడుతది, దుప్పట్ల మీద దుప్పట్లు కప్పుకొని ముక్కు ఒక్కటి బయట పెట్టి పండుడు. పనులు బంద్. తినుడు మాత్రం ఫుల్లు, పాలు, గుడ్లు, మాంసం. దవాఖానకు సొంతం ఆవుల డెయిరీ, కూరగాయల తోట ఉండె. నాయిన ఇది వినంగనే "మా రెజిమెంట్‌ల గూడ డెయిరీ ఉండె, పాలు మంచిగుండె" అని తన ముచ్చట పెట్టిండు, అది మళ్లొకసారి రాస్త.

ఈ గాలి వైద్యం మనకు కొత్త కాదు. మా దిక్కు నుంచి హైదరాబాద్ పొయ్యే దారిల వికారాబాద్ వస్తది, దాని మీద అనంతగిరి గుట్టలు. ఇప్పుడందరు ఆదివారం పూట ఫొటోలు దిగనీకి పోతున్నరు గానీ మా పెద్దోళ్లకు అనంతగిరి అంటే రెండే, ఒకటి అనంతపద్మనాభస్వామి గుడి, రెండోది టీబీ దవాఖాన. నిజాం కాలంల అక్కడ గాలి మంచిదనే కట్టిండ్రు. మా చిన్నతాత బొంబాయికి వలస పోయినోడు, మన పాలమూరు మనిషి బొంబాయి పోయి ఏం చేస్తడు, మట్టి పని, రాళ్ల పని. దగ్గుకుంట వాపసొచ్చిండు, రక్తం పడ్డది, అనంతగిరిల చేర్పిచ్చిండ్రు. మా నాయినమ్మ చెప్తుండె, జొన్న రొట్టెలు కట్టుకొని పోతె లోపటికి రానియ్యకపోతుండ్రి, ఆయన వరండాల మంచం మీద కూసొని దూరం నుంచే చెయ్యి ఊపుతుండెనట, మంచం కింద మూత ఉన్న రేకు డబ్బా, ఉమ్మనీకి. ఆయనకు ఒక ప్లేటు, ఒక గిలాస వేరే ఉండె, ఇంటికి వచ్చినంక గూడ అవి వేరేనే ఉండె. రోగం తగ్గినా ఆ గిలాస మాత్రం గూట్లకెళ్లి కదలలే.

ఫోర్ట్ బేయర్డ్ పాత ఫొటోలల్ల ఆ వరండా మంచాలు చూస్తె నాకు అనంతగిరే కనపడ్డది. రెండూ ఒక్క నమ్మకం మీద కట్టినయి.

ఆ నమ్మకానికి చెల్లు చీటి రాసింది గూడ మన దిక్కే, మద్రాసుల. స్ట్రెప్టోమైసిన్ అనే టీబీ మందు 1943ల దొరికింది, తర్వాత ఐసోనియాజిడ్ అనే ఇంకో మందు వచ్చింది, గోళీలతోని టీబీ తగ్గుతదని తేలింది. కానీ దవాఖానల ఏడాది పండవెట్టకుంట ఇంట్లనే గోళీలు ఇస్తె తగ్గుతదా, ఇంట్లోళ్లకు అంటదా అని అందరికి డౌటే. 1956ల మద్రాసుల ఒక సెంటర్ పెట్టి పేదోళ్ల మీదనే చూసిండ్రు, సగం మందిని శానటోరియంల (గసోంటి టీబీ దవాఖానల), సగం మందిని వాళ్ల ఇరుకు ఇండ్లల్లనే ఉంచి అవే మందులు ఇచ్చిండ్రు. 1959ల రిజల్ట్ వచ్చింది. ఇంట్ల ఉన్నోళ్లకు గూడ దాదాపు అంతే మంచిగ తగ్గింది, ఇంట్లోళ్లకు ఎక్కువ అంటుకున్నది గూడ ఏం లేదు. ఇంటి తిండి అంతంతే, గాలి అంతంతే, అయినా తగ్గింది. గా దెబ్బకు లోకంల శానటోరియాలు ఒక్కొక్కటే ఖాళీ అయినయి. తిండి వద్దని మాత్రం ఎవరూ అనలే, ఇప్పటికి గూడ మన దగ్గర టీబీ పేషెంట్లకు నిక్షయ్ పోషణ్ కింద తిండికని పైసలు ఏస్తరు, 2018ల నెలకు 500 ఉండె, 2024 నవంబర్ సంది 1,000 చేసిండ్రు. బుష్నెల్ పాలు, గుడ్లు అకౌంట్ల పడుతున్నయన్నట్టు.

మళ్ల అమెరికాకు పోదం. మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినంక రిటైరైన సిపాయిలు లక్షలల్ల ఉన్నరు, వాళ్లల్ల టీబీ వాళ్లు ఉన్నరు, విష వాయువు పీల్చి ఊపిరితిత్తులు పాడైనోళ్లు ఉన్నరు. ఆర్మీ ఏమో వీళ్లు ఇప్పుడు మా మనుషులు కాదంటది, సివిల్ దవాఖానలు చాలవు. ఇగ ఫోర్ట్ బేయర్డ్‌ను 1920ల ఆర్మీ నుంచి తీసి పబ్లిక్ హెల్త్ సర్వీస్‌కు ఇచ్చిండ్రు, 1922ల మాజీ సైనికుల కోసం కొత్తగ పెట్టిన వెటరన్స్ బ్యూరోకు ఇచ్చిండ్రు, ఆ టైములనే పెద్ద దవాఖాన బిల్డింగ్ కట్టిండ్రు. 1930ల బ్యూరోనే వెటరన్స్ అడ్మినిస్ట్రేషన్ అయింది. రెండో యుద్ధం టైముల జర్మన్ ఖైదీలను గూడ ఇక్కడ ఉంచి పని చేపిచ్చిండ్రు. గట్ల 1965 దాక మాజీ సైనికుల దవాఖానగ నడిచింది, తర్వాత వెటరన్స్ వాళ్లు వదిలేస్తె న్యూ మెక్సికో రాష్ట్ర సర్కార్ తీస్కొని ముసలోళ్లకు, చానా కాలం చూసుకోవాల్సిన పేషెంట్లకు నడిపింది. ఫోర్ట్ బేయర్డ్ ఒక్కటే కాదు, ఆరిజోనాల ప్రెస్కాట్ పక్కన ఫోర్ట్ విపుల్ అని ఇంకోటి ఉంది, 1864 నాటిది, అది గూడ గిట్లనే టీబీ దవాఖాన అయ్యి వెటరన్స్ దవాఖాన అయింది, అది మాత్రం ఇప్పటికీ నడుస్తుంది.

ఈడ నాయిన ఒక ప్రశ్న అడిగిండు. సివిల్ దవాఖానల చూపిచ్చుకోవచ్చు గదా, మాజీ సైనికులకు వేరే ఎందుకు అని వాళ్ల దగ్గర ఎవరన్న అడగలేదా అని. అడిగిండ్రు, ఇప్పటికీ అడుగుతనే ఉన్నరు, అది వాళ్ల రాజకీయాలల్ల పెద్ద లొల్లి. నాయిన జవాబు గూడ ఆయననే చెప్పిండు. ఆయనకు ఈసీహెచ్‌ఎస్ కార్డు, అంటే మాజీ సైనికుల వైద్యం కార్డు, ఉంది, 2003 ఏప్రిల్ సంది నడుస్తున్న స్కీం అది, రెఫరల్ రాపిచ్చుకొని ప్రైవేట్ దవాఖానకు గూడ పోవచ్చు. ఒకసారి సిటీల ఒక పెద్ద ప్రైవేట్ దాంట్లకు పోయినం, కార్డు చూపియ్యంగనే కౌంటర్ కాడి పిల్ల మొఖం మారింది, "ఆ లైన్‌లో కూర్చోండి" అన్నది, పైసలు కట్టేటోళ్లు మా ముందలకెళ్లి లోపటికి పోతనే ఉన్నరు, మేం పొద్దుగూకె దాక కూసున్నం. అదే తిరుమలగిరి దిక్కు ఎంహెచ్‌కు, అంటే మిలిటరీ హాస్పిటల్‌కు, పోతె లైను అక్కడ గూడ ఉంటది, తక్కువేం కాదు, పొద్దుగాల నాలుగింటికి కోస్గిల బస్సు ఎక్కితె గానీ టైముకు అందుకోలేం. కానీ అక్కడ కౌంటర్ల కూసున్నోడు నంబర్, రాంక్ అడుగుతడు, "హవల్దార్ సాబ్, బైఠియే" అంటడు. నాయిన నడుము అప్పుడు ఎట్ల నిటారుగ అయితదో చూడాలె, మోకాళ్ల నొప్పని వచ్చిన మనిషి.

మందు అదే మందు అని నేను అంటుంట. ఆయన అవునంటడు, మళ్ల ఎంహెచ్‌కే పోదమంటడు. స్కీములు రాసేటోళ్లు ఖర్చు లెక్క ఏస్తరు, దూరం లెక్క ఏస్తరు, ఈ కుర్చీ ఇచ్చే సంగతి ఏ గడిల రాయాలె? రూపాయల్ల చూస్తె మహబూబ్‌నగర్ల మంచి డాక్టర్‌తోని కాంట్రాక్టు చేస్కునుడే సస్తా. నేనైతే రెండూ ఉండాలంట, దగ్గర్ల ఒకటి, ఆయన పోదామనుకున్నప్పుడు పోనీకి ఎంహెచ్ ఒకటి.

ఫోర్ట్ బేయర్డ్‌కు 2004ల నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ అని ముద్ర ఏసిండ్రు. 2010ల దవాఖానను పక్కనే కొత్త బిల్డింగులకు మార్చిండ్రు, ఇగ అప్పటి సంది పాతది ఖాళీ. అంత పెద్ద జాగ, డజన్ల కొద్ది ఇండ్లు, రాష్ట్ర సర్కార్‌కు మరమ్మతు ఖర్చు భారం, కొనెటోడు లేడు. 1922ల కట్టిన మెయిన్ దవాఖాన కొన్నేండ్ల కింద కూలగొట్టిండ్రు. తమ్ముడు చూపిచ్చిన వీడియోల ఆఫీసర్ల ఇండ్లు వరుసగ నిలవడ్డయి, రంగు పెచ్చులు ఊడి, కిటికీలకు ప్లైవుడ్ కొట్టి ఉంది. మ్యూజియం లెక్క ఒకటి నడుస్తది, ఊరోళ్లే కమిటీ పెట్టుకొని చూసుకుంటరు.

నాకు బాధ అనిపిచ్చింది, ల్యాండ్‌మార్క్ అని ముద్ర ఏసి మళ్ల కూలగొట్టుడేంది అని. నాయినకు అస్సలు అనిపియ్యలే. "ఖాళీ బిల్డింగ్ ఉంటె పాములు జేరుతయి, జేసీబీ పెట్టుడే కరెక్టు. పరేడ్ గ్రౌండ్ ముట్టుకోలేదు గదా, గది చాలు" అన్నడు. దీని మీద తమ్ముడు, ఆయన మళ్ల ఒక అర్ధగంట కొట్లాడిండ్రు, అమెరికా కాల్ గనుక వాట్సాప్ అయినా సరే అమ్మ బిల్లు వస్తదని ఒకటే గుణుగుడు.

అక్కడ సిపాయిల శ్మశానం మాత్రం మంచిగ మెయింటేన్ చేస్తరు, పోస్టు పెట్టిన 1866 నాటిదే, 1976ల నేషనల్ సెమెటరీ చేసిండ్రు. తెల్ల రాళ్లు, అన్ని ఒక్క సైజు, రాంక్ ఏదైనా. గుట్టల్ల కొట్లాడి పోయినోళ్లు, వరండాల దగ్గుకుంట పోయినోళ్లు ఒక్క కాడనే. తమ్ముడు ఆ రోజు పొద్దువోయిందని లోపటికి పోలే. ఈసారి పోతె రాళ్ల మీద రెజిమెంట్ నంబర్లు చదివి ఫొటోలు తియ్యమని నాయిన వానికి పని చెప్పిండు, ముందుగాల 125వ ఇన్‌ఫాంట్రీ, 9వ కావల్రీ చూడమన్నడు, ఇంకా ఏమేం చూడాల్నో కాయితం మీద రాసి నాతోని ఫొటో తీపిచ్చి పంపిచ్చిండు. ఫొటోలు వస్తె ఇక్కడనే పెడత.